డాక్టరుగారి గాజుమూత

ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరుగారు అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ ఆ రోజు పనులన్నీ మనసులో వరసగా పేర్చుకున్నారు. క్లినిక్కుకు సెలవు. నిన్న మెరుపు పూత వేసిన గ్లైడరు నమూనా దుమ్ము పడకుండా, లోపలిది కనిపించే ప్లాస్టిక్ పెట్టె కింద ఆరుతోంది. నాలుగింటిదాకా ఆ పెట్టె ఎత్తకూడదు. అప్పుడు ఎత్తి, పైలట్ సీట్ల మీద గాజుమూత అంటించాలి. అయిదింటికి మాస్టారు వస్తారు. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుంది అనుకునేలోపల గడ్డం కింద చిన్నగా తెగింది.

పేరుకు గాజుమూత గానీ అది గాజు కాదు. బొటనవేలంత ఉండే పల్చటి ప్లాస్టిక్ బుడగ. దాన్ని నేలకు పూసే పాలిష్‌లో ముంచి తీసి, పైన ఏదైనా గిన్నె బోర్లించి ఆరబెడితే, ఉందో లేదో తెలియనంత స్వచ్ఛంగా తయారవుతుంది. ఈ కిటుకు ఆయనకు నేర్పింది ‘రెక్కల గుంపు’. ఫోన్‌లో ఉండే ఆ గుంపులో అందరూ విమానాల నమూనాలు కట్టేవాళ్ళే. చక్రం అతికిస్తే ఒక ఫొటో, అది ఊడిపోతే ఇంకో ఫొటో పెట్టుకుని ఒకరినొకరు ఓదార్చుకుంటూ ఉంటారు.

మాస్టారు ఒకప్పుడు ఆ నమూనాకు అసలుదైన, ఇంజను లేని గ్లైడరు మీద ఎందరికో ఎగరడం నేర్పినవారు. పెళ్ళయిన కొత్తలో డాక్టరుగారు భార్యను వెంటబెట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ చటుక్కున వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. డాక్టరుగారు ఆవిడ చేతిసంచీ పట్టుకుని నేల మీదే నిలబడ్డారు. ఇప్పుడు ఆవిడ లేదు. ఆ గ్లైడరునూ ఎప్పుడో విప్పి తుక్కుకు అమ్మేశారు. మాస్టారికి చూపు మసకబారుతోంది, వచ్చే నెలకు ఎంత మిగులుతుందో కంటి డాక్టరు చెప్పలేనన్నాడు. "ఉన్న చూపుతో దాన్నొకసారి చూసుకుంటాను బాబూ" అని మాస్టారు ఫోన్ చేసిన రోజు నుంచీ డాక్టరుగారు బల్ల ముందు నుంచి లేవలేదు.

ఆయనతోపాటు ఉండేది అక్కగారు. చిన్నపిల్లల బడిలో టీచరుగా చేసి రిటైరయింది. ఆవిడ కట్టుడుపళ్ళు కట్టింది తమ్ముడే కాబట్టి, ఆయన్ని ఏమైనా అనడానికి తనకు పూర్తి హక్కుందని ఆవిడ నమ్మకం.

"ఏమిట్రా, పొద్దున్నే అంత నున్నగా తయారయ్యావు? విమానం నిన్ను చూడ్డానికొస్తోందా?"

"అక్కా, నీకు దండం పెడతాను. మాస్టారు వచ్చి వెళ్ళేదాకా ఈ విమానం గురించి నువ్వు ఒక్క ముక్క కూడా మాట్లాడకు."

"నేనేమంటాను రా?"

"మొన్న బ్యాంకు మేనేజరు ఇంటికొస్తే ఏమన్నావు? మా తమ్ముడికి పాలపళ్ళు రాలాయి గానీ బొమ్మల పిచ్చి రాలలేదన్నావు."

"అందులో అబద్ధమేముంది?"

"అదే వద్దంటున్నా. మాటివ్వు. సైగలు కూడా చెయ్యకూడదు. మూతి తిప్పడం అసలే వద్దు."

అక్కగారి ముఖం చిన్నబోయింది. వెంటనే బిగుసుకుంది. "సరే. ఆయన గడప దాటేదాకా విమానం ఊసెత్తితే ఒట్టు. తరవాత నువ్వే నన్ను బతిమాలుకుంటావు, చూస్తుండు."

డాక్టరుగారు తేలికపడ్డ మనసుతో బిస్కెట్లు తేవడానికి బజారుకు వెళ్ళారు. తిరిగొచ్చి చూసేసరికి భోజనాల బల్ల మీద, గాజుమూత పైన బోర్లించిన గిన్నె లేదు. గాజుమూతా లేదు. గిన్నె మాత్రం స్నానాలగదిలో కనిపించింది. అందులో నీళ్ళు, నీళ్ళలో అక్కగారి కట్టుడుపళ్ళు. నిన్న చీకట్లో చేతికందింది తీసి బోర్లించారు గానీ అది ఎవరి గిన్నో ఆయన చూసుకోలేదు.

ఆయన గిన్నెతో సహా బయటికి పరుగెత్తుకొచ్చారు.

"అక్కా! దీని కింద ఉన్నదేం చేశావు?"

అక్కగారు పళ్ళు పెట్టుకుని, తీరిగ్గా నోరు సర్దుకుని అంది: "అది విమానం తాలూకుదా?"

"మరింక దేని తాలూకుది!"

"అయితే నేను మాట్లాడకూడదు. పొద్దున నువ్వన్న మాట వెనక్కి తీసుకుంటున్నావా?"

ఆ ప్రశ్నలో వేళాకోళం తప్ప ఇంకేమీ డాక్టరుగారికి వినిపించలేదు. ఇప్పుడు పట్టు సడలిస్తే సాయంత్రం మాస్టారి ముందు పాలపళ్ళ కథ మళ్ళీ మొదలవుతుందని భయం. "తీసుకోను! సాయంత్రం దాకా ఒక్క మాట వద్దు!" అని అరిచి, చెత్తబుట్టను పాత దినపత్రిక మీద బోర్లించారు. అక్కగారు కుర్చీ లాక్కుని, అల్లిక చేతిలోకి తీసుకుంది.

చెత్తలో ఏమీ దొరకలేదు. డాక్టరుగారు పెట్టె బయటినుంచే విమానాన్ని ఫొటో తీసి, ‘గాజుమూత పోయింది. అయిదింటికి మాస్టారు వస్తున్నారు. ఏం చెయ్యను?’ అని గుంపులో పెట్టారు. క్షణాల్లో జవాబులు కురిశాయి. విమానం మీది మేకులు కూడా లెక్కపెట్టే ఇంజనీరు ఒకడున్నాడు, అందరూ రివెట్టు అని పిలుస్తారు. అతను ఫొటోను పెద్దది చేసి చూసి తీర్పు చెప్పాడు: ‘సీటు పట్టీ మీది కుట్టు కూడా కనిపిస్తోంది. మధ్యలో అడ్డు ఏమీ లేదు. మూత లేదన్నది ఖాయం.’

రివెట్టు ఖాయమన్నాక ఇక అనుమానం లేదు. ఇంకొకాయన, తన విమానం చక్రం ఒకసారి సింకు కింద వంకర పైపులో దొరికిందని రాశాడు. గిన్నె కడిగింది సింకులోనే కదా! డాక్టరుగారు పటకారు తీసుకుని సింకు కిందికి దూరారు. నోట్లో ఏ పన్ను ఎటు తిప్పితే వదులవుతుందో చీకట్లో చెప్పగల మనిషి, పైపు దగ్గర మాత్రం ఒక నట్టు బదులు ఇంకో నట్టు తిప్పారు. నీళ్ళు ఆయన చొక్కా మీదికి, అక్కణ్ణుంచి నేల మీదికి, నేల నుంచి కింది వాటాలోకి వెళ్ళిపోయాయి. కట్టేయాల్సిన కుళాయి ఎక్కడుందో వెతికి కట్టేసేసరికి తలుపు దబదబా మోగింది.

గుమ్మంలో కింద దుకాణం నడిపే దర్జీ. చేతిలో ఇంకా ఒక చెయ్యే కుట్టిన కోటు, దాని భుజం మీద నుంచి నీళ్ళ ధార.

"డాక్టరుగారూ, ఇదేంటండీ? రేపొద్దున కోర్టులో వాదించాల్సిన లాయరుగారి కోటిది!"

"క్షమించవయ్యా. గాజుమూత పోయింది."

"గాజుమూత పోతే నా కప్పుకి చిల్లు పెడతారా?" దర్జీ లోపలికి తొంగిచూసి, అల్లుకుంటున్న అక్కగారిని అడిగాడు. "మీరైనా చెప్పండమ్మా!"

"నేనేం చెప్పకూడదు నాయనా. ఒట్టు పెట్టుకున్నాను" అంది ఆవిడ, కాళ్ళు రెండూ కుర్చీ మీదికి తీసుకుంటూ. దర్జీ ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, ఇంకేమైనా తేడా వస్తే ఊరుకునేది లేదని దిగిపోయాడు.

మూడింటికి రివెట్టు స్వయంగా వచ్చాడు, భుజాన పనిముట్ల సంచీతో. పోయినదాన్ని వెతకడం దండగ, కొత్తది చేద్దామన్నాడు. పల్చటి ప్లాస్టిక్ రేకును పొయ్యి మీద మెత్తబడేదాకా వేడిచేసి, బుడగ ఆకారంలో ఉన్నదేదైనా దాని మీద అదిమితే సరి. ఆకారం కోసం వంటిల్లంతా గాలించారు. చివరికి గరిటె వెనకభాగం నచ్చింది.

"గదిలో పెట్టె ఎత్తి ఒకసారి కొలత తీసుకుంటారా?" అన్నాడు రివెట్టు.

"అమ్మో! నాలుగు కాకుండా ఎత్తితే పూత మీద దుమ్ము వాలుతుంది. పోయినసారి ఈగ అంటుకుంది."

"నిజమే, నిజమే. ఈగ చాలా ప్రమాదం." రివెట్టు ఒప్పుకున్నాడు.

అల్లికలో అక్కగారి చెయ్యి ఆగింది. ఆవిడ నోరు తెరిచింది. డాక్టరుగారు గరిటె పైకెత్తారు. ఆవిడ నోరు మూసుకుంది.

మొదటి రేకు ముడుచుకుపోయింది. రెండోది సాగి తీగయింది. మూడోది మెత్తబడుతుండగా డాక్టరుగారు గడియారం వైపు చూశారు. ఆ ఒక్క క్షణంలో రేకు పొయ్యిలోకి జారింది. నల్లటి పొగ వంటింటిని నింపి, కిటికీలోంచి వీధిలోకి వెళ్ళింది. మంట ఆర్పారు గానీ పొగ ఎవరి మాటా వినే స్థితిలో లేదు. పై నుంచి మొదట నీళ్ళు, ఇప్పుడు పొగ వచ్చాక దర్జీ ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. అగ్నిమాపక దళానికి ఫోన్ చేశాడు.

వాళ్ళ కేంద్రం వీధి చివరే. గంట మోగించుకుంటూ బండి ఆగడం, బూట్లు మెట్లెక్కడం ఒకేసారి వినిపించాయి. ముందు వచ్చిన జవాను చేతిలో గొట్టం ఉంది. వెనక వచ్చిన జవాను చేతిలో మాస్టారు ఉన్నారు.

"ఈ పెద్దాయన పొగలోనే మెట్లెక్కుతున్నారు. వద్దంటే వినలేదు సార్. మీ ఇంటికేనట."

మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చారు. "కొంచెం ముందొచ్చానా బాబూ? ఇంటి దగ్గర కూర్చోలేకపోయాను" అన్నారు, పొగలోకి కళ్ళు చికిలిస్తూ.

డాక్టరుగారు ఎదురెళ్ళారు. చొక్కా తడి, ముఖాన మసి, చేతిలో గరిటె. ఈలోగా మొదటి జవాను గదిలోకి దూసుకెళ్ళి, "ప్లాస్టిక్ సామాన్లు ముందు బయటికి తియ్యాలి" అంటూ పెట్టెను ఒక్క ఊపున ఎత్తాడు. ఇంకో చేత్తో విమానాన్ని రెక్క పట్టుకుని లేపబోయాడు.

"ఆగు!"

ఆ కేక డాక్టరుగారిది కాదు, రివెట్టుది కాదు. అక్కగారిది. ఆవిడ కుర్చీలోంచి లేచి, తడి నేల మీద జారుతూ వెళ్ళి, జవాను మణికట్టు పట్టుకుంది. "నా తమ్ముడు నిద్రాహారాలు మాని కట్టాడది. చెయ్యి తియ్యి." తియ్యమన్న చెయ్యి జవాను తీసేశాడు. ఆవిడ వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఒట్టు తప్పానేమోనని.

మాస్టారు తడుముకుంటూ బల్ల దగ్గరికి వచ్చారు. డాక్టరుగారు అడ్డం వెళ్ళారు. "మాస్టారూ, ఒక్క మాట... అది పూర్తి కాలేదు. సీట్ల మీద మూత..."

మాస్టారు వినలేదు. ముఖం విమానానికి బాగా దగ్గరగా పెట్టి, తోక నుంచి మొదలుపెట్టి వేలు మెల్లగా ముందుకు నడిపించారు. రెక్క మొదలు దాటింది. వెనక సీటు మీదికి వచ్చింది. సీట్లోకి దిగాల్సిన వేలు గాలిలో ఆగిపోయింది.

టిక్.

మాస్టారు గోటితో మళ్ళీ కొట్టారు. టిక్, టిక్.

"మూత బ్రహ్మాండంగా కుదిరిందే! లేదంటావేం?"

రివెట్టు వంగి చూశాడు. పక్కకు జరిగి చూశాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు. తర్వాత ఎవరి ముఖమూ చూడలేక పనిముట్ల సంచీ మూతి బిగించుకున్నాడు.

"ఈ వెనక సీట్లోనే మీ ఆవిడ కూర్చుంది. దిగేదాకా నవ్వుతూనే ఉంది" అన్నారు మాస్టారు, వేలు అక్కణ్ణుంచి తియ్యకుండా. "కింద నువ్వు చేతిసంచీతో ఎంత చిన్నగా కనిపిస్తున్నావో చూపించి మరీ నవ్వింది."

డాక్టరుగారు గరిటె బల్ల మీద పెట్టి, మసి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నారు. పొగ ఉండటం అప్పటికి మంచిదే అయింది.

బిస్కెట్లు జవాన్లు కూడా తిన్నారు. దర్జీ పైకొచ్చి రెండు తిని, కోటు మళ్ళీ ఇస్త్రీ చేస్తే సరిపోతుందని ఒప్పుకున్నాడు. మాస్టారు ఒకటికి పదిసార్లు విమానాన్ని తడిమి, తనను పైకి తెచ్చిన జవాను చెయ్యే పట్టుకుని మెట్లు దిగారు. ఆయన రెండో పాదం గడప దాటేదాకా ఆగి, అక్కగారు గొంతు సవరించుకుంది.

"ఆ మూత నా పళ్ళ గిన్నె కింద దొరికిందిరా. ఎక్కడైనా పెడితే పోతుందని, ఆ పెట్టె ఎత్తి దాని చోట్లోనే దాన్ని పెట్టాను. పిల్లలకి రంగుకాగితాలు అంటించే తెల్ల జిగురే పూశాను. మళ్ళీ పెట్టె మూసేశాను. ఈగ కూడా వాలలేదు."

"అడిగినప్పుడు చెప్పొచ్చు కదక్కా!"

"మాట వెనక్కి తీసుకుంటావా అని అడిగాను. తీసుకోనన్నావు. నా నోట్లో పళ్ళు నువ్వు కట్టినవేమో గానీ, మాట నాది."

డాక్టరుగారు ఫోన్ తీశారు. విమానం పక్కన అక్కగారిని నిలబెట్టి ఫొటో తీసి, ‘పూర్తయింది. మూత అమర్చింది మా అక్క’ అని రాసి గుంపులో పెట్టారు.

మొదటి జవాబు వెంటనే వచ్చింది: ‘అక్కయ్యగారు స్పష్టంగా ఉన్నారు, మూత ఎప్పుడు పెడతారు?’