కిచిడీ ఇల్లు మారింది

2024 జులై 17, ఆషాఢ ఏకాదశి. ఆ రోజు చీకటి పడేదాకా నేను తిన్నది ఉడికించిన చిలగడదుంపలు, ఒక అరటిపండు. సగ్గుబియ్యం ముందురోజే నానబోశాను. పల్లీలు వేయించి పొడి కొట్టాను. కిచిడీ మాత్రం అప్పటిదాకా వండలేదు. మా పుణేలో ఉపవాసమంటే మామూలు రోజుకంటే రెండింతలు తినడం. అలాంటిది, జీవితంలో మొదటిసారి ఏకాదశి నాడు నాకు ఆకలి వేసింది. ఆ పుణ్యమంతా మా పేట వంటల వెబ్‌సైట్‌దే.

అందుకే, బారెడు పొడుగు వెబ్ చిరునామాలు మానవజాతికి వరమని ఈ వారం వాదించదలచాను.

వెనకటికి మా సైట్‌లో వంటకు ఒక పేరుండేది, అంతే. సైట్ పేరు, ఒక ఏటవాలు గీత, కిచిడీ. ఎంత అనాగరికం! తల్లి ఎవరో, తాత ఎవరో తెలియని వంటను పెద్దమనుషులు ఎలా నోట పెట్టుకుంటారు?

ఈ అన్యాయాన్ని సరిదిద్దినవారు మా సైట్ నిర్వాహకులు సహస్రబుద్ధే గారు. భూమి కొలతల ఆఫీసులో రిటైరయ్యారు. అక్కడ అన్నదమ్ములు పొలం పంచుకున్నకొద్దీ సర్వే నంబరు వెనక ఒక గీత, గీత వెనక ఇంకో నంబరు చేరుతూ పోతాయి. "వంటలూ భూములే సర్. హద్దులు వేయకపోతే తగాదాలొస్తాయి" అన్నారాయన. కేటగిరీ కింద కేటగిరీ, దాని కింద ఇంకోటి వేశారు. పేజీ ఎవరి కింద ఉంటే వాళ్లందరి పేర్లూ వరసగా దాని చిరునామాలోకి ఎక్కుతాయి.

ఇప్పుడు కిచిడీ చిరునామా చూడండి. వంటలు/శాకాహారం/ఉపవాసం/సగ్గుబియ్యం/రాత్రి-నానబెట్టినవి/పల్లీపొడి-కలిపినవి/జీలకర్ర-పోపు-పెట్టినవి/కిచిడీ.

సాతారాలో ఉన్న మా అక్కకు ఈ లింక్ పంపాను. ఆవిడ దాన్ని నొక్కనే లేదు. చిరునామా చదువుకుంటూ వండేసింది. "బాగానే కుదిరిందిరా. ఉప్పెంతో రాయడం మరిచిపోయావు" అని ఫోన్ చేసింది. పేజీ తెరవనక్కర లేకుండానే కడుపు నింపే సైట్ లోకంలో ఇంకెక్కడైనా ఉందా?

కుటుంబ విలువలు కూడా ఇక్కడే నేర్చుకోవాలి. తల్లి పేరు మారితే పిల్లలందరి చిరునామాలూ మారతాయి. ఒకరోజు సహస్రబుద్ధే గారు భోజనం చేసి 'ఉపవాసం' అన్న కేటగిరీని 'ఉపవాసాలు' అని మార్చి, అలవాటు ప్రకారం కునుకు తీశారు. ఆయన లేచేసరికి పేటలో ఎవరి దగ్గరున్న ఏ లింకూ పనిచేయలేదు. ఆ సాయంత్రం కోడళ్లు అత్తల్ని అడిగి వండారు. ఇంతకంటే సమాజసేవ ఏముంటుంది?

బంగాళాదుంప కూర సంగతి మరీ గొప్పది. ఏకాదశి నాడు అది ఉపవాసం కిందకి వెళుతుంది, ద్వాదశి నాడు కూరల కిందకి తిరిగొస్తుంది. ఆ రాకపోకలన్నీ సహస్రబుద్ధే గారు స్వహస్తాలతో నడిపిస్తారు. మేం పంచాంగం చూసి గానీ లింక్ నొక్కం. ధర్మం నాలుగు పాదాల మీద నడవడమంటే ఇదే.

ఇక నా ఉపవాసం సంగతి.

ఆ సైట్‌లోని కిచిడీ పేజీ నా భార్య శరయు రాసింది. ఆమె పోయాక ప్రతి ఏకాదశికీ ఆ పేజీ తెరిచి పెట్టుకుని వండుకుంటున్నాను. వండడం రాక కాదు. పేజీ కింద పేటవాళ్లు అడిగిన ప్రశ్నలు, వాటికి శరయు ఇచ్చిన జవాబులు ఉంటాయి. "ముద్దయిందా? ఫరవాలేదు, గరిటెతో కాక ప్రేమతో కలపండి, రేపటికి విడుతుంది" లాంటివి. పోపు వేగేలోపు ఒకటో రెండో చదువుకుంటాను. వంటింట్లో ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది.

ఆ ఏకాదశి నాడు లింక్ నొక్కితే తెర మీద ఒకటే వాక్యం: మీరు అడిగిన పేజీ లేదు.

పొయ్యి ఆర్పేసి సహస్రబుద్ధే గారింటికి వెళ్లాను. ఆయన కేటగిరీలు శుభ్రం చేస్తున్నారు.

"శరయు వహిని కిచిడీనా?" అన్నారు, మా పేటలో అందరిలాగే వదిన వరస కలిపి. "దాన్ని ఉపవాసంలోంచి తీసేశాను సర్. అందులో కొత్తిమీర ఉంది. మా ఇంట్లో ఉపవాసానికి కొత్తిమీర చెల్లదు."

"మా ఇంట్లో చెల్లుతుంది."

"ఒక్క పేజీకి ఇద్దరు తల్లులుండరు కదా. ఫలహారాల కింద ఎక్కడో వేశాను, వెతకాలి. పాత నంబరు రద్దయింది."

"రద్దయితే రద్దయింది. ఎక్కడికి మారిందో పాత గుమ్మం మీద ఒక ముక్క రాయొచ్చుగా?"

"రద్దయిన నంబరుకు బోర్డు పెట్టే పద్ధతి లేదు సర్."

ఆయన భార్య కుందా వహిని చిలగడదుంపల పళ్లెం నా చేతిలో పెట్టింది. "తినండి భావోజీ" అని మరిదిని పిలిచినట్టే పిలిచి, భర్త వైపు తిరిగింది. "మన గేటుకు ఆరు బోర్డులున్నాయి. పాలవాడికొకటి, స్కూటర్ ఆపేవాళ్లకొకటి. చివరికి పక్కింటి పిల్లికి కూడా ఒకటి రాశారు."

"పిల్లికి కాదు. దాని యజమానికి."

"పిల్లి యజమానికి రాసిన చెయ్యి శరయుకు రాయలేకపోయిందా?"

ఆయన మళ్లీ కేటగిరీల్లో తలదూర్చారు. నేను చిలగడదుంపలు తిని వచ్చేశాను.

పాఠకులారా, చిరునామాలు పొడుగైనందుకు నాకు బాధ లేదు. మైలు పొడుగున పెట్టుకోండి. ఇల్లు మారితే "జోషీలు ఎదురు సందులోకి వెళ్లారు, ఇక్కడ బెల్ కొట్టి మా నిద్ర చెడగొట్టకండి" అని తలుపుకు అంటించే ఊరు మాది. ఆ ఊళ్లోనే ఒక పేజీ ఇల్లు మారితే, పాత గుమ్మంలో నిలబడ్డవాడికి 'లేదు' అని చెప్పి పంపేస్తున్నారు. ఉంది కదా. పక్క సందులోనే ఉంది కదా.

ఆ రాత్రి భోజనాల వేళకు సహస్రబుద్ధే గారు వచ్చారు. బెల్ కొట్టలేదు. మా తలుపు మీద శరయు రాసిన బోర్డుంది: "బెల్ ఒక్కసారి చాలు. లోపల మనిషి నడిచి రావాలి." అది చదువుతూ నిలబడి ఉంటే నేనే చూసి పిలిచాను.

"పాత లింక్ నొక్కి చూడండి" అన్నారు.

నొక్కాను. "శరయు వహిని కిచిడీ ఇక్కడ ఉండేది. ఇప్పుడు ఫలహారాల్లో ఉంది. తీసుకెళుతున్నాం, ఆగండి. కొత్తిమీర గురించి మాతో వాదించవద్దు." అది కాసేపు నిలిచి, తర్వాత పేజీ దానంతటదే తెరుచుకుంది.

"కిందికి జరపండి" అన్నారాయన, గోడవైపు చూస్తూ.

జవాబుల్లో అట్టడుగున, ఏనాటిదో, సహస్రబుద్ధే గారి ప్రశ్న ఉంది: ఉపవాసానికి కొత్తిమీర చెల్లుతుందా? కింద శరయు జవాబు: "మీ ఇంట్లో చెల్లకపోతే వేయకండి. కొత్తిమీర వేసింది తినాలనిపిస్తే మా ఇంటికి రండి. ఇక్కడ చెల్లుతుంది."

"నేనడిగిందే మరిచిపోయాను సర్" అన్నారు.

నానిన సగ్గుబియ్యం ఇంకా గిన్నెలోనే ఉంది. పొయ్యి వెలిగించాను. ఆయన కొత్తిమీర వేసిన కిచిడీ రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. ఇంట్లో చెప్పొద్దన్నారు. వెళ్లేటప్పుడు శరయు బోర్డు ఊగకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తలుపు మెల్లగా దగ్గరికి వేశారు.