హంస తోక కోసం జరిగిన మహాసంగ్రామం

నడిసముద్రపు నావికులకు సైతం దారి చూపే ముక్కుకొండ ఏ ఊరికి కిరీటమో, నీరెండినా పేరెండని కుశస్థలీ నది ఏ ఊరికి మొలనూలో, వేకువన కోడికంటె ముందు మరమగ్గం కూసే ఆ నగరి పట్టణంలో, ప్రమాథి నామ సంవత్సర వైశాఖ మాసాన, గోళీసోడాలు సైతం ఉసూరుమనే మిట్టమధ్యాహ్నాన, కోదండం మగ్గాల కొట్టంలో ఒక మహాసంగ్రామం జరిగింది. నెత్తురు చిందలేదు గాని చెమట మాత్రం ధారాపాతంగా కురిసింది.

ఆ సంగ్రామానికి నాయిక పల్లవి. కోదండం కూతురు, తద్వంశవర్ధని, తిరుపతిలో కంప్యూటరు విద్య అభ్యసించి సెలవులకు వచ్చిన వీరకన్య. ఆమె రథం, తువ్వాలు కప్పుకొని బల్లమీద కొలువైన కంప్యూటరు. పత్రికతో ఊరకే వచ్చిన సీడీలోని, కంప్యూటరును ఏలే లినక్సును దానిలో ప్రతిష్ఠించి, చీర కొంగుకు నిలువెత్తు హంసను గీయ సంకల్పించింది.

హంస తల వచ్చేది, మెడ వచ్చేది, రెక్క విచ్చుకునేది. తోక దగ్గరికి రాగానే పెట్టె గరగర గొణిగి మూర్ఛిల్లేది. జ్ఞాపకశక్తి చాలక అలా అవుతున్నదని, అరవై నాలుగు ఎంబీల మెమరీ పక్కన మరో అరవై నాలుగు తెచ్చి బిగించింది. ఆహా, నూట ఇరవై ఎనిమిది! అయినను, "నీకెంత ఉన్నది?" అని అడిగిన ప్రతిసారీ ఆ కృతఘ్న యంత్రం "అరవై నాలుగే" అన్నది.

కోదండం భుజంమీది తుండు విదిలించి శపథం చేసినాడు: "ఇదిగో పాపా, సాయంత్రం లోపల నీ హంసకు తోక మొలవకపోతే, ఈ పెట్టెను బస్సులో ఏసి తిరుపతి అంగట్లోనే ఇచ్చేసి వస్తా. మళ్లీ డిజైన్లు చేత్తోనే గీయించుకుంటా."

"తోక మొలిస్తే?"

"మొలిస్తే ఈడనే ఉంటాది. నీ హంసనే మగ్గానికి ఎక్కిస్తా."

లోపం ఎక్కడుందో పల్లవికి తెలుసు. మీట నొక్కగానే లేచే బయోస్ అనే వృద్ధమంత్రి పాత పద్ధతిలో లెక్క చెబుతాడు. అరవై నాలుగు దాటితే ఆయన నోట మాట పెగలదు. కనుక లినక్సు మహారాజును నిద్రలేపి సింహాసనమెక్కించే లైలో అనే ద్వారపాలకుడి చేత, "ప్రభూ, తమ రాజ్యం నూట ఇరవై ఎనిమిది" అని చెప్పించాలి. ఆ మాటను లైలో ఫైలులో శాసనంగా రాసింది. యంత్రాన్ని ఆర్పి లేపింది. అరవై నాలుగే! మరల చూసింది. అక్షరం తప్పలేదు. మరల లేపింది. అరవై నాలుగే!

"ఓరీ ద్వారపాలాధమా! మదీయ శాసనోల్లంఘనదురంధరా! నీ గర్వమనే పర్వతాన్ని పిండి చేయకున్న నేను పల్లవిని కాను!" అని మనసులో గర్జించి, పైకి మాత్రం "థూ, నీ మొగం మండ" అన్నది.

ఆ క్షణంలోనే, ఉభయసేనలనూ సమంగా కూల్చే మహాస్త్రం వచ్చి పడింది. కరెంటు పోయింది. కంప్యూటరు కన్ను మూసింది. మగ్గాలన్నీ నోళ్లు మూశాయి. ఆ నిశ్శబ్దంలోంచి కోదండం కేక: "అయ్యో! చిలకను వేయమంటే, ఈ మగ్గం నెమలినే నేసినాదే!"

పల్లవి పరుగెత్తింది. మగ్గంమీది గుడ్డలో నెమళ్లు బారులు తీరి నిలుచున్నాయి. పక్కన గళ్ల కాగితంలో మాత్రం కొత్తగా గీయించిన చిలక ముక్కు ఎత్తుకొని చూస్తున్నది.

"నాయనా," ఆమె పకపకా నవ్వింది, "కాయితంమీద మారిస్తే అయిపోతుందా? అట్టలు కొట్టించద్దా? మగ్గం సదివేది అట్టల్లో బెజ్జాలనే గదా, నీ కాయితాన్నా?"

"మరిచినా లేమ్మా, నవ్వబాక."

పల్లవి నవ్వు అంతకు ముందే ఆగిపోయింది. తాను చేసింది మరేమిటి? ఫైలు మార్చింది. కాని లైలో తెల్లారి లేచి ఆ ఫైలును చదవడు, డిస్కు మొదటి భాగంలో తనకు అచ్చుకొట్టి ఉంచినదే చదువుతాడు. ఫైలు మార్చాక "లైలో" అని ఆజ్ఞ ఇస్తేనే కొత్త మాట అచ్చుపడేది. ఆ ఆజ్ఞ ఆమె ఇవ్వనేలేదు. కాగితంమీద చిలక, అట్టల్లో నెమలి!

పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చింది. మగ్గాలు రణభేరులై మోగాయి. కంప్యూటరు మూర్ఛ తేరి, డిస్కంతా తడుముకొని లేచింది. పల్లవి ఆజ్ఞాబాణం సంధించింది. యంత్రాన్ని ఆర్పి లేపి అడిగింది: "నీకెంత ఉన్నది?"

నూట ఇరవై ఎనిమిది!

హంస తల వచ్చింది. మెడ వచ్చింది. రెక్క విచ్చుకుంది. "నాయనా, బిరీన రా!" కోదండం వచ్చి వంగి చూసినాడు. ఈకవెంట ఈకగా తోక మొలిచింది. కడపటి ఈక మొలిచీ మొలవగానే మళ్లీ కరెంటు పోయింది.

చీకటి తెరను చూస్తూ కోదండం గొంతు సవరించుకున్నాడు.

"సూసినాలే పాపా. తోక బాగుండాది. పెట్టె ఈడనే ఉండనీ." తుండుతో చెమట తుడుచుకుంటూ, "రెక్కే కొంచెం లావయింది" అన్నాడు.

మూలన మంచంమీద నుంచి చౌడేశ్వరమ్మ అవ్వ అడిగింది: "మధ్యాన్నం నుంచీ కొట్లాడి ఏం గెలిచినావే?"

"దాని కడుపులో ఉండేది ఉండాదని దానిచేతనే ఒప్పించినా అవ్వా."

"ఓసోస్. మీ తాతచేత తప్పు ఒప్పించేదానికి నాకు ఒక జన్మ చాల్లేదు."

ఈ తీరున, అరవై నాలుగు అనే దుర్గం కూలి, నూట ఇరవై ఎనిమిది ఎంబీల అఖండ సామ్రాజ్యంపై పల్లవీదేవి జయపతాక ఎగిరింది. దిక్కులు మారుమోగలేదు, మగ్గాలు ఆగి ఉన్నాయి గనుక. మంచం పక్కన కూలబడిన విజేత శిరస్సుపై అవ్వ తాటాకు విసనకర్ర వింజామరమై రెండు మూడు మార్లు వీచి, అవ్వతోపాటే నిద్రపోయింది.