వార్డెన్‌గారు తల ఊపారు

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద కాలేజీ, దాని వెనకాల ఎవరి కంటా పడకుండా ఒక హాస్టలు ఉండేవి. కాలేజీ గేటుకి ఏటా కొత్త రంగు వచ్చేది. హాస్టలుకి ఏటా కొత్త పిల్లలు వచ్చేవారు. అంతకుమించి ఆ హాస్టలుకి కొత్తగా ఏదీ వచ్చి ఎరగదు.

అందులో జాజి అనే కుందేలుపిల్ల చదువుకునేది. ఆమె గది పైకప్పు కారేది. బయట వాన వెలిసినా లోపల వెలిసేది కాదు. ఉన్న ఒక్క మంచాన్నీ కనకం అనే ముళ్ళపందితో పంచుకోవాలి. తడవకూడదనుకుంటే కనకం వైపు జరగాలి, గుచ్చుకోకూడదనుకుంటే వాన వైపు జరగాలి. జాజి ఎక్కువగా వాన వైపే జరిగేది. అలా జరిగి జరిగి జ్వరం తెచ్చుకుంది.

వాళ్ళ నాన్న వచ్చి చూశాడు.

“అమ్మడూ, మరోసారి జ్వరమొచ్చిందా, నిన్ను పొదకి తీసుకుపోతాను. చదువూ వద్దు, గిదువూ వద్దు.”

జాజికి లెక్కలంటే ప్రాణం. వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల తనే. తడిసిన చెవులు పిండుకుని వార్డెన్ దగ్గరికి వెళ్ళింది.

వార్డెన్‌గారు తొండ. కాలేజీవాళ్ళు ఇచ్చిన క్వార్టర్స్‌లో, ఎండ బాగా పడే గోడమీద పొట్ట ఆనించి కూర్చుని ఉన్నారు.

“సార్, మా గది కారుతోంది.”

తొండగారు తల ఊపారు.

“బాగు చేయిస్తారా సార్?”

మళ్ళీ ఊపారు.

“ఎప్పుడు సార్?”

దానికీ ఊపారు.

జాజి గంతులేసుకుంటూ వచ్చి ఈ సంగతి చెబితే కనకం ముళ్ళన్నీ కదిలేలా నవ్వింది. “పిచ్చి మొహమా, ఆయన తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదే! అది వాళ్ళ ఇంటి అలవాటు. సాంబారులో పప్పు వెయ్యమని కిందటేడు నేనడిగినా ఇలాగే ఊపారు. ఇప్పుడా సాంబారులో మొహం చూసుకుని నేను తల దువ్వుకుంటున్నాను.”

ఆ నోటా ఈ నోటా పడి విషయం పైకి వెళ్ళింది. పైవాళ్ళు వెంటనే వసతుల కమిటీ వేశారు. అధ్యక్షుడు తాబేలు. పుట్టినప్పటినుంచీ సొంతిల్లు వీపుమీద మోసుకు తిరిగేవాడికి హాస్టలు బాధలేం తెలుస్తాయని అడగకండి. ఆ అర్హత చూసే ఆయన్ని వేశారు.

కమిటీ మాట వినగానే తొండగారు ఎర్రబడ్డారు. చల్లబడ్డాక ఆలోచించారు. కారే గదిని బాగుచేయించడం కష్టం. కారే గదిని ఇష్టపడేవాళ్ళని తేవడం తేలిక.

కమిటీ వచ్చేరోజు పొద్దున్నే పిల్లలందరినీ జలపాతం చూసి రమ్మని పంపేశారు.

“జలపాతానికి అంత దూరం పోవడమెందుకు సార్? మా గదికి వస్తే సరి,” అంది కనకం. తొండగారు తల ఊపారు.

జాజి మాత్రం వెళ్ళలేదు. ఒళ్ళు వెచ్చబడుతోంది. ఎవరైనా చూస్తే నాన్నకి కబురు వెళుతుందని మంచం కింద దూరి పడుకుంది.

తాబేలుగారు నింపాదిగా వచ్చారు. చీకటి వరండాలో గబ్బిలం వేలాడుతోంది. “దీపాలెందుకండీ, కళ్ళు పాడవుతాయి!” అంది. స్నానాలగదిలో అడవిపంది బురదలోంచి లేవకుండానే దణ్ణం పెట్టాడు. మెస్సులో అడవికోడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “అన్నంలోనే పురుగులు కూడా కలిపి పెడుతున్నారండీ! కన్నతల్లయినా ఇలా చూస్తుందా?”

చివరికి జాజి గదికి వచ్చారు. కప్పు చిల్లు కింద పెట్టిన బకెట్టులో బుచ్చమ్మ అనే కప్ప మెడలోతు నీళ్ళలో కూర్చుని ఉంది.

“ఏమమ్మా, సౌకర్యంగా ఉందా?”

“మా చెరువులో కూడా ఇంత నీటి సదుపాయం లేదు బాబూ!”

“ఈ కాలం పిల్లలు పెట్టిపుట్టారు,” అన్నారు తాబేలుగారు.

సరిగ్గా అప్పుడే జాజికి తుమ్ము వచ్చింది.

“ఎవరమ్మా మంచం కింద? ఇలా రా. నీకేమైనా ఇబ్బందా?”

తొండగారి ఎరుపంతా దిగిపోయి బూడిదరంగు తేలింది.

జాజి బయటికి వచ్చి చెవుల మీద బూజు దులుపుకుంది. కారుతోందని చెబితే, కారడమే మేలని బుచ్చమ్మ అంటుంది. నిజమేదో తేల్చడానికి ఇంకో కమిటీ వేస్తారు. అది వచ్చేలోపు తను పొదలో ఉంటుంది.

“ఇబ్బందేముంది తాతగారూ! ఇంత సుఖం మాలాంటి పిల్లలకి ఎక్కువ. పాపం మా సారే, ఆ క్వార్టర్స్‌లో ఎండలో, పొడిలో, ఒంటరిగా పడున్నారు. ఆయన్ని ఇక్కడికి మార్చండి. మాదేముంది, మేం వెళ్ళి ఆ క్వార్టర్స్‌లోనే ఎలాగో సర్దుకుంటాం.”

తాబేలుగారి మెడ ఆనందంతో బయటికి సాగింది. “ఎంత పెద్ద మనసమ్మా! ఏమండీ వార్డెన్‌గారూ, మీకు సమ్మతమేనా?”

వద్దని చెప్పడానికి తొండగారు నోరు తెరిచారు. ఆలోపే తల ఊగిపోయింది. కంగారుపడేసరికి మరింత గట్టిగా ఊగింది.

“ఎంత ఉత్సాహమో!” అన్నారు తాబేలుగారు.

“రండి బాబూ రండి, బకెట్టులో చోటుంది,” అంది బుచ్చమ్మ.

సాయంత్రానికి పిల్లలందరూ క్వార్టర్స్‌కి మారిపోయారు. ఒక్క తొండకి కట్టిన ఇల్లు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. అందరూ పట్టగా ఇంకో గది మిగిలింది. కనకానికి వేరే మంచం దొరికింది. జాజి ఎండపొడలో పుస్తకం తెరుచుకుని కూర్చుంది, ఒంటి వెచ్చదనం దానంతటదే దిగిపోయింది.

వాళ్ళ నాన్న వచ్చి నుదురు తాకి చూశాడు. చల్లగా ఉంది. నమ్మకం కుదరక మళ్ళీ తాకి చూశాడు. “సరే, పరీక్షలు కానివ్వు,” అని వెళ్ళిపోయాడు.

తొండగారు తడుస్తూ వెళ్ళి తాబేలుగారికి మొరపెట్టుకున్నారు. ఆయన తల ఊపను కూడా లేదు, డిప్పలోకి లాక్కున్నారు. హాస్టల్లో బుచ్చమ్మ బంధువులందరూ దిగిపోయారు. “పైన ఆ చిల్లు కాస్త పెద్దది చేయిస్తారా బాబూ?” అని బుచ్చమ్మ రోజూ అడుగుతుంది.

తొండగారు తల ఊపుతారు.

కథంటే నీతి ఉండాలనేవారికి ఇదిగో: ఫిర్యాదు చేస్తే కమిటీ వేస్తారు, పొగిడితే క్వార్టర్స్ ఇస్తారు.