యాభై మార్కుల రీలు

“ఈ ఊళ్ళో నేరస్థులకు శత్రువులు ఇద్దరే. ఒకటి చట్టం, రెండు నేను. చట్టం మూడింటికల్లా ఆఫీసు కట్టేసి ఇంటికెళ్ళిపోతుంది. నేను వెళ్ళను!”

బిహాచ్‌లో వంతెన పక్కనున్న కాఫీ కొట్టులో షెఫ్‌కెత్ ఈ ప్రకటన చేసినప్పుడు వినడానికి ఉన్నవాడు హిల్మియా ఒక్కడే. కొట్టు యజమాని కూడా ఉన్నాడు గానీ, ఆయనకు కుడి చెవి వినపడదు. షెఫ్‌కెత్ వచ్చినప్పుడల్లా ఆ చెవినే ఇటు తిప్పి నిలబడతాడు.

షెఫ్‌కెత్ ముప్పై రెండేళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చదివి రిటైరయ్యాడు. మీటరు ముల్లు తిరిగే తీరును బట్టి ఇంట్లోవాళ్ళ గుణగణాలు చెప్పగలనని అతని నమ్మకం. రిటైరైన మర్నాడే “షెఫ్‌కెత్, అపరాధ పరిశోధకుడు. మంగళవారం సెలవు” అని కార్డులు అచ్చు వేయించాడు. మంగళవారం మోకాళ్ళకు కరెంటు పెట్టించుకుంటాడు. ఇన్నేళ్ళలో అతను పట్టుకున్న ఘరానా నేరస్థుడు ఒక్కడే, పొరుగింటి మేక. అదీ తర్వాత నిర్దోషి అని తేలింది.

హిల్మియా బస్సు డ్రైవరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న పాపానికి షెఫ్‌కెత్ చేసే పరిశోధనలన్నిటికీ సాక్షిగా నిలబడుతున్నాడు.

“ఇదిగో, ఇదే అసలు ఆధారం,” అంటూ షెఫ్‌కెత్ బల్ల మీదున్న వస్తువును చెంచాతో పొడిచాడు.

“అది ఆధారం కాదు, నా రీలు. చెంచాతో పొడవకు.”

గాలపు కర్రకు బిగించుకునే రీలది. హిల్మియా వానపాములతో చేపలు పట్టే రకం కాదు. ఈకలూ దారమూ కలిపి కట్టిన దొంగ ఈగను ఉనా నది మీద నిజం ఈగలాగే వాలేట్టు విసిరి, ట్రౌట్ చేపను నమ్మించి బుట్టలో వేసుకునే రకం. అతని పాత రీలు చలికాలంలో విరిగిపోయింది. పింఛనులో చేపల సరదాకని పక్కన పెట్టగలిగింది యాభై మార్కులు. నెల రోజులు ఊరంతా గాలించాడు. పేరున్న రీళ్ళు మూడు వందలకు తక్కువ దిగడం లేదు. యాభైకి వచ్చేవి ప్లాస్టిక్కువి; తిప్పితే మరలో కాఫీ గింజలు పోసినట్టు కరకరలాడుతున్నాయి.

పోయిన శనివారం సంతలో, మేజోళ్ళు, తేనె అమ్మే జుమ్రా బల్ల మీద, ఉన్ని మేజోళ్ళ మధ్య ఇది కనబడింది. పేరు లేదు, గుర్తు లేదు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూశాడు. పిల్లి గుర్రు పెట్టినంత మెత్తటి చప్పుడు. చక్రాన్ని బొటనవేలితో అటూ ఇటూ కదిపాడు. వెంట్రుకవాసి ఊగలేదు. దారం కట్టి లాగాడు. బ్రేకు కుదుపన్నది లేకుండా పట్టుకుంది, నిండు బస్సుతో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మంచి డ్రైవరు నొక్కినట్టు. “ఎంత?” అంటే జుమ్రా “యాభై” అంది. బేరం ఆడకుండా కొనేశాడు.

“అదే నా ప్రశ్న,” అన్నాడు షెఫ్‌కెత్, చక్కెర ముక్కను కాఫీలో ముంచి కొరుకుతూ. “మూడు వందల సరుకు యాభైకి ఎందుకొచ్చింది?”

“నా అదృష్టం బాగుండి.”

“ఓరి అమాయకుడా! దాని మీద పేరెందుకు లేదు? చెరిపేశారు కాబట్టి. ఎందుకు చెరిపేశారు? దొంగ సొత్తు కాబట్టి. సరిహద్దు ఎంత దూరం? బస్సులో పావుగంట. నా మాట రాసిపెట్టుకో, ఇది అంతర్జాతీయ ముఠా పని!”

“నువ్వు వదిలే రీళ్ళ ముందు ఇదెంతలే.”

“దాని కడుపు చూడు, బోలుగా లేదూ? అందులో ఏం దాస్తారు?”

“ఏం దాస్తారు? దారం చుడతారు.”

“వజ్రాలు!” అని షెఫ్‌కెత్ గుసగుసగా అరిచి, హిల్మియా చెయ్యి చాపేలోగా జేబులోంచి చాకు తీసి రీలు మూత ఎత్తాడు.

టింగుమంది. బియ్యపు గింజంత వస్తువొకటి లోపల్నుంచి ఎగిరి, ఎండలో ఒక్కసారి తళుక్కుమని, నది వైపు కటకటాలు దాటి ఉనాలో పడిపోయింది.

“చూశావా! వజ్రం!”

“స్ప్రింగురా వెధవా!”

హిల్మియా పిడి తిప్పి చూశాడు. ఇందాకటి దాకా బుద్ధిగా ఉన్న చక్రం పట్టూ పగ్గం లేకుండా గిరగిరా తిరిగింది. ఆ వేళ శుక్రవారం. ఆదివారం నది మీద చేపల కాలం మొదలు. మంచు కురిసిన ఐదు నెలలూ అతను కిటికీలోంచి ఆ నీళ్ళ వంకే చూస్తూ గడిపాడు. మళ్ళీ కొందామంటే యాభై మార్కులు లేవు.

“దిగులుపడకు,” అన్నాడు షెఫ్‌కెత్ అతని భుజం తట్టి. “ఇది చేసినవాణ్ణి రేపే పట్టుకుంటాను. నాకు ముఠా, నీకు స్ప్రింగు.”

మర్నాడు పొద్దున్నే హిల్మియా సంతకు వెళ్ళి జుమ్రా ముందు నిలబడ్డాడు.

“అమ్మా, ఈ రీలు చేసిందెవరో చెప్పు. చిన్న స్ప్రింగు కావాలి, అంతే.”

“చెప్పకూడదు, అన్నా. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అందులోనూ ముఖ్యంగా...” జుమ్రా అతని మొహం చూసి టక్కున ఆగిపోయింది.

“ముఖ్యంగా?”

“ముఖ్యంగా మేజోళ్ళు జత నాలుగు మార్కులు. రెండు జతలు తీసుకుంటే ఏడు.”

హిల్మియా నిట్టూర్చి వెనక్కి తిరిగాడు. జున్ను బండి పక్కన ఆడవాళ్ళ వానకోటు తొడుక్కుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, రెండు చిల్లులున్న వార్తాపత్రిక చదువుతున్న మనిషొకడు కనబడ్డాడు. పత్రిక తలకిందులుగా ఉంది.

“షెఫ్‌కెత్ బాబాయ్, మోకాళ్ళు ఎలా ఉన్నాయి?” అని జున్ను అమ్మే అమ్మాయి అడిగి, జవాబు కోసం ఆగకుండా తన పనిలో పడింది.

“గుర్తుపట్టలేదు,” అన్నాడు షెఫ్‌కెత్ పత్రిక వెనకాల నుంచి. “అటు చూడు. పెట్టె!”

గళ్ళ చొక్కా మనిషొకడు చేతిలో చెక్కపెట్టెతో జుమ్రా దగ్గరికొచ్చి ఏదో మాట్లాడి, పెట్టెను పసిపాపను మోసినట్టు జాగ్రత్తగా మోసుకుంటూ సంత వెనక సందులోకి నడిచాడు. తేనెటీగలు పెంచే నజీఫ్ అతను. జుమ్రాకు తేనె ఇచ్చేది అతనే. ఆ మాట హిల్మియా చెప్పబోయేసరికి షెఫ్‌కెత్ వానకోటు ఎత్తి పట్టుకుని సందులోకి దూరిపోయాడు.

“షెఫ్‌కెత్! ఆగు! అతను నజీఫ్‌రా!”

“అది దొంగ పేరు!” అన్న జవాబు మాత్రం వినబడింది.

సందు చివర, మూతబడ్డ పాత రొట్టెల బట్టీ ముందు, నజీఫ్ పెట్టె కిందపెట్టి బూటు తాడు కట్టుకోవడానికి వంగాడు. షెఫ్‌కెత్‌కు ఆ ఒక్క క్షణం చాలు. మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి పెట్టెకు చెవి ఆనించాడు. అతని మొహం వెలిగిపోయింది.

“హిల్మియా! తిరుగుతున్నాయిరా! లోపల వంద రీళ్ళు ఒక్కసారే తిరుగుతున్నాయి! పిల్లి గుర్రు పెట్టినట్టు, అచ్చం నువ్వు చెప్పినట్టే!”

“మూత ముట్టుకోకు బాబూ!” అని నజీఫ్ కెవ్వుమన్నాడు.

చట్టం పేరు మీద షెఫ్‌కెత్ మూత తీశాడు.

ఆ తర్వాత జరిగిన దాన్ని పరిశోధన అనడం కష్టం. వానకోటు గాలికి రెపరెపలాడుతుంటే షెఫ్‌కెత్ ముందూ, అతని తల చుట్టూ నల్లటి మబ్బూ, దాని వెనక టోపీ ఊపుతూ నజీఫ్, ఎవరిని కాపాడాలో తెలియక హిల్మియా. బట్టీ చుట్టూ రెండుసార్లు తిరిగారు. మూడోసారి షెఫ్‌కెత్‌కు రేకు తలుపొకటి కనబడింది. అది ఎవరిదో, లోపల ఏముందో ఆలోచించే తీరిక లేదు. భుజంతో గుద్ది లోపల పడ్డాడు. వెనకే హిల్మియా దూరి తలుపు మూసేశాడు.

లోపల నూనె వాసన, ఇనుప రజను వాసన. కిటికీ దగ్గర లేతు యంత్రం తిరుగుతోంది. గోడ పొడుగునా మేకులకు రీళ్ళు వేలాడుతున్నాయి, ఒక్కదాని మీదా పేరు లేదు. లేతు ముందు నిలబడ్డ మనిషి మెల్లగా కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపాడు.

ఆవ్దో. హిల్మియా అక్క సెవ్‌దా భర్త.

బావా బావమరుదులు మాట్లాడుకుని నాలుగేళ్ళయింది. అంతకు ముందు ముప్పై ఏళ్ళు నదికి కలిసే వెళ్ళేవాళ్ళు. ఆవ్దో కర్మాగారంలో లేతు మేస్త్రీ. హిల్మియా రీలుకు ఏ జబ్బు చేసినా అతనే వైద్యుడు. ఒకసారి అతను బ్రేకు బాగుచేసిచ్చిన మర్నాడే హిల్మియా గాలానికి ఆ ఏడాదికల్లా పెద్ద ట్రౌట్ పడి, దొంగ ఈగతో సహా పోయింది. చేపల క్లబ్బు వాళ్ళు ఎనిమిది మంది ఒడ్డున చూస్తుండగా, “ముప్పై ఏళ్ళు లేతు తిప్పావు, ఒక్క బ్రేకు సరిచెయ్యడం చేతకాలేదు! పట్టేసి దారం తెంపేసింది నీ దరిద్రపు బ్రేకు!” అని హిల్మియా అరిచాడు. ఆవ్దో కర్ర మడుచుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ పండక్కి అక్క ఒక్కతే వస్తోంది.

ఆవ్దో లేతు ఆపాడు.

“ఎవరా ఆడమనిషి?” అన్నాడు వానకోటు వంక చూసి.

“షెఫ్‌కెత్.”

“ఓహో.” ఆవ్దో తేనెటీగలు కుట్టిన చోట రుద్దుకోమని ఉల్లిపాయ కోసి రెండు చెక్కలూ షెఫ్‌కెత్ చేతుల్లో పెట్టాడు. అప్పటికే అతని కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి. పెదవి చిన్నసైజు మిరపకాయలా ఉంది.

హిల్మియా జేబులోంచి రీలు తీసి బల్ల మీద పెట్టాడు. “స్ప్రింగు పోయింది,” అన్నాడు.

ఆవ్దో సొరుగు లాగి చిన్న పట్టకారుతో స్ప్రింగు తీసి, రీలు విప్పి కూర్చోబెట్టాడు. అర నిమిషం పని.

“నీ దగ్గరికి చేరిందా ఇది,” అన్నాడు తల ఎత్తకుండా. “ఎలా ఉంది?”

“ఇంత మంచి బ్రేకు నేను చూడలేదు బావా. ఇన్ని చేశావు, పేరు వేసుకోవేం?”

“నా పేరుంటే నువ్వు కొనేవాడివా?”

హిల్మియా నేల చూశాడు.

“ఆ రోజు ఆ బ్రేకు ఎందుకు పట్టేసిందో నాకు అర్థం కాలేదు,” అన్నాడు ఆవ్దో. “నేను బిగించింది పట్టెయ్యకూడదు. నిద్ర పట్టలేదు. సెవ్‌దా ఇంట్లో చప్పుడు వద్దంటే ఈ బట్టీ అద్దెకు తీసుకున్నాను. మూడేళ్ళ నుంచీ అదే వెతుకులాట. మొదటి పదకొండూ చెత్తలో పారేశాను. తప్పు ఎక్కడుందో మాత్రం ఇప్పటికీ దొరకలేదు.”

బయట నజీఫ్ తన తేనెటీగల్ని పేరుపేరునా బతిమాలుతున్న చప్పుడు వినబడుతోంది.

సరిగ్గా అప్పుడు షెఫ్‌కెత్‌కు తన కర్తవ్యం గుర్తొచ్చింది. గోడ పట్టుకుని లేచాడు. లేతు ఎటుందో, ఆవ్దో ఎటున్నాడో అతనికి తెలీదు. ఉల్లిపాయ చెక్క ఉన్న చేతిని ముందుకు చాపి, వాచిన పెదవితోనే గర్జించాడు.

“నాతకాలు చాలు! నేరస్తుదు ఈ గదిలోనే ఉన్నాదు! అది నువ్వే! ఒప్పుకో!”

ఆ ఉల్లిపాయ తిన్నగా హిల్మియా గుండెల వైపు చూపిస్తోంది.

హిల్మియా మొహం పాలిపోయింది.

“నేనే,” అన్నాడు.

“ఆఁ?” అన్నాడు షెఫ్‌కెత్.

“బ్రేకు పట్టెయ్యలేదు బావా. ఈగకు కట్టిన ముడి జారిపోయింది. దారం తెగితే కొస తిన్నగా ఉంటుంది, ముడి జారితే చుట్టలు తిరిగి ఉంటుంది. నాది చుట్టలు తిరిగి ఉంది. ముడి వేసింది నేను. అందరూ చూస్తున్నారు... సిగ్గేసి నీ మీదికి తోసేశాను. కొస కత్తిరించి జేబులో దాచేశాను. మర్నాడు వచ్చి చెబుదామనుకున్నాను. మర్నాడు మరీ కష్టమైపోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు.”

ఆవ్దో చాలాసేపు గోడనున్న రీళ్ళ వంక చూశాడు. ఒక్కొక్కదాన్నీ లెక్కపెడుతున్నట్టుగా ఉంది.

“ఎంత చేప అది, నిజం చెప్పు,” అన్నాడు చివరికి.

హిల్మియా రెండు చేతులూ ఎడం చేసి చూపించాడు.

“ఆ రోజు ఇంకా పెద్దదన్నావు.”

“అదీ అబద్ధమే.”

ఆవ్దో భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని హిల్మియా కంగారుపడి దగ్గరికి వెళ్ళాడు. ఆవ్దో అతని టోపీ లాగి దానితోనే నెత్తిమీద ఒక్కటిచ్చాడు. నవ్వు ఆపుకోలేక లేతు పట్టుకుని వంగిపోయాడు.

“పదకొండు రీళ్ళురా! నీ తలమాసిన ముడి కోసం పదకొండు రీళ్ళు పారేశాను!”

“కొట్టు బావా, ఇంకోటి కొట్టు.”

“రేపు ఆరింటికి వంతెన దగ్గరుండు. ముడి నేను వేస్తాను. బుట్ట నువ్వు మొయ్యి. ఇప్పుడు మాత్రం ఇటు నుంచి ఇటే మా ఇంటికి రా, మీ అక్క ఏదో వండింది.”

ఇద్దరూ తలుపు తీసుకుని బయటికి నడిచారు. ఆవ్దో చెయ్యి హిల్మియా మెడ మీద ఉంది. వెనక బట్టీలో రెండు ఉల్లిపాయ చెక్కలతో, గోడ తడుముకుంటూ, బిహాచ్ నగరపు ఏకైక అపరాధ పరిశోధకుడు అరుస్తున్నాడు.

“ఎవర్రా దొరికింది? నాకేం కనబదతం లేదు. ఒరేయ్ హిల్మియా! ఎవరో చెప్పి చావందిరా, కేసు నాది!”