లిఫ్టు తుడిచిన ఉదయం

ఆ ఆదివారం గుడ్రున్ వేసుకున్న పథకం చిన్నదే. దాల్చినచెక్క బన్నుల పళ్లెంతో ఆరో అంతస్తు నుంచి దిగాలి, పదకొండింటికి అపార్ట్‌మెంట్ సమావేశం జరపాలి, లిఫ్టులోని కొత్త ప్యానెల్‌ను ఉంచేయాలని ఓటు వేయించాలి. అంకె ముందు వేలు చూపితే చాలు, ముట్టుకోనక్కర్లేదు. పోయిన చలికాలం పాత బటన్ల మీదుగా వాంతుల జబ్బు భవనమంతా పాకాక, ఆమే పట్టుబట్టి మూడు నెలలు చూద్దామని పెట్టించింది. ఆ గడువు ఇవాళ్టితో సరి. పది ఇళ్లలో ఐదిళ్లవాళ్లయినా రాకపోతే కంపెనీవాళ్లు రేపే విప్పుకుపోతారు. కిందటి రెండు సమావేశాలకూ ఆమె, బన్నులు తప్ప ఎవరూ రాలేదు.

లిఫ్టు ఎక్కగానే ప్యానెల్ మీద వేలిముద్ర కనబడింది. ముప్పై ఏళ్లు ఆ లిఫ్టు బటన్లు తుడిచిన చెయ్యి ఊరుకోలేదు. జేబులోంచి గుడ్డ తీసి పైనుంచి కిందిదాకా ఒక్కసారి తుడిచింది. ప్యానెల్ చురుకైనది. అంకెలన్నీ వెలిగాయి.

ఆ భవనంలో మెట్ల దగ్గర అలికిడి ఆగేదాకా ఎవరూ గడప దాటరు. ఎదురుపడితే మాట్లాడాలి కదా. సమావేశం తప్పించుకుందామని తలుపుల వెనక నిలబడ్డవాళ్లు, లిఫ్టు కదిలిన చప్పుడు విని, ఆమె దిగిపోయిందనుకుని బయటికొచ్చారు.

ఐదో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఎదురుగా తూరే, చేతిలో గాలం.

"సమావేశానికేనా తూరే?"

"ఆ... దానికే."

"గాలంతోనా?"

తూరే మాట మార్చాడు. "అన్నీ వెలుగుతున్నాయే. దీనికి మతిలేదని నే చెప్పలా? తీసేయమని మొదటి ఓటు నాదే."

గుడ్రున్ గుడ్డను పళ్లెం కిందికి నెట్టింది.

"పిలవకుండానే ఆగిందేంటి?" అంటూ నాలుగో అంతస్తాయన ఎక్కాడు. "తిప్పి పంపేద్దాం."

మనుషులు దొరుకుతున్నారు, ఓట్లు పోతున్నాయి.

మూడో అంతస్తులో మాలిన్ బకెట్టుతో గడపలోనే ఆగిపోయింది. "నేనెక్కను. రాత్రి నుంచి పిల్లకి వాంతులు. పొద్దున మందుల షాపుకి ఇందులోనే వెళ్లొచ్చా."

లిఫ్టులో ఎవరూ ఊపిరి తీయలేదు.

"ఏం నొక్కావమ్మా?" అన్నాడు నాలుగో అంతస్తాయన.

"నొక్కడానికేముంది? వేలు చూపించా."

అందరూ ప్యానెల్‌ను కొత్తగా చూశారు. తూరే మాత్రం తన చూపుడువేలిని చూసుకుంటున్నాడు. "నేను నొక్కుతా," అన్నాడు నెమ్మదిగా. "నమ్మకం కుదరక."

"కంగారుపడకు. దాని మీద ఉన్నది నీ ముద్ర ఒక్కటే," అంది గుడ్రున్.

"నీకెలా తెలుసు?"

ఆమె బన్ను అందించింది.

రెండో అంతస్తు, మొదటి అంతస్తువాళ్లు కూడా మొహమాటంతో ఎక్కాక, కింద ఐదిళ్లవాళ్లు లెక్కకు తేలారు. ప్యానెల్ ఉండాలని అందరికంటే ముందు చెయ్యెత్తింది తూరేనే, జేబులోంచి తీసి.

మర్నాడు లిఫ్టులో గుడ్రున్ చేతిరాతతో కాగితం వెలసింది: "దయచేసి నొక్కవద్దు. తుడవనూ వద్దు." తుడిచిందెవరని ఎవరూ అడగలేదు. అడిగితే మాట్లాడాలి కదా.