బియ్యంలో ఆరబెట్టిన మిషన్

ఆ ఉదయం కోదండరామ్ వేసుకున్న పథకం చిన్నది. మనవరాలికి పాలు పట్టాలి, చెవి మిషన్ పెట్టాలి, స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళాలి, ఇంటికొచ్చి పప్పన్నం తినాలి. కెనడాలోని హాలిఫాక్స్ మీద పొగమంచు పరుచుకుని ఉంది. కిటికీ అవతల సముద్రం ఉందని నమ్మడమే తప్ప కనబడదు. భార్య శాంత పోయాక ఆయనకి చాలా సంగతులు అలాగే ఉన్నాయి.

మనవరాలు నిఖిలకి రెండేళ్ళు దాటాయి. పుట్టుకతో వినపడదు. ఆపరేషన్ చేసి చెవి వెనక చర్మం కింద అయస్కాంతమున్న పరికరం అమర్చారు. దానికి పైనుంచి అతుక్కునే గుండ్రటి మిషన్ ఉంటేనే పిల్లకి లోకం వినపడుతుంది. పిల్లకి నచ్చాలని తల్లి నీరజ దాని మీద మెరిసే రాళ్ళ స్టిక్కర్ అంటించింది. అయినా నచ్చలేదు. అందితే పీకి పారేస్తుంది. శీతాకాలమంతా గడిచినా ఒక్క మాట రాలేదు.

"మేలుకున్నంతసేపూ మిషన్ తల మీదే ఉండాలి. మీరు ఏ పని చేస్తున్నా మాటల్లో చెబుతూ చేయండి," అంది థెరపిస్టు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరై, శాంత పోయాక మాటలు మానేసిన మనిషి, ఇప్పుడు రోజంతా "తాత ఉల్లిపాయ తరుగుతున్నాడు, తాతకి కళ్ళు మండుతున్నాయి" అని వ్యాఖ్యానం చెబుతున్నాడు. పిల్ల ఆయన్ని గోడని చూసినట్టు చూస్తుంది. ఒకటే మేలు. కళ్ళు తడైతే నెపం ఉల్లిపాయ మీద పెట్టొచ్చు.

"తాత పాలు పోస్తున్నాడు," అని ఆయన అంటూండగానే నిఖిల మిషన్ పీకి పాలగ్లాసులో వేసింది.

ఆయన తీసి తుడిచాడు, ఊదాడు. ఎర్ర దీపం మినుకుమని ఆరిపోయింది. రెండో మిషన్ రిపేరుకి వెళ్ళి ఇంకా రాలేదు. ఆరబెట్టే డబ్బా ఎక్కడుందో నీరజకే తెలుసు. నీరజ హాస్పిటల్లో డ్యూటీలో ఉంది. అల్లుడు సంజయ్ ఆఫీసు పని మీద వాంకూవర్లో ఉన్నాడు. తడిసిన ఫోన్లని జనం బియ్యంలో పెడతారని ఆయనకి గుర్తొచ్చింది. బియ్యం తేమని ఎంత తక్కువ పీలుస్తుందో ఒకప్పుడు క్లాసులో తనే చెప్పాడు. అయినా మిషన్ని బియ్యం డబ్బాలో లోతుగా గుచ్చాడు. థెరపీకి ఫోన్ చేసి పాపకి జలుబని చెప్పాడు. ఆ పూటకి అది చాలా చిన్న అబద్ధం.

పిల్ల భుజం మీద నిద్రపోతుండగా తలుపు తట్టింది సుగుణ. హార్బర్ అవతల డార్ట్‌మౌత్‌లో ఉంటుంది. తెలుగువాళ్ళ శుభకార్యాలన్నీ ఆవిడ చేతి మీదుగానే జరుగుతాయి.

"అన్నయ్యగారూ, మీ సోనా మసూరి కావాలి. సాయంత్రం మా తేజశ్రీకి సీమంతం కదా, అక్షింతలు కలపాలి. టొరంటో లారీ రాలేదుట, కొట్లో బాస్మతి తప్ప ఏం లేదు. బాస్మతి అక్షింతలేస్తే కోడలి కళ్ళల్లో గుచ్చుకుంటాయి. మీరెలాగూ ఎక్కడికీ రారు, మీ బియ్యమైనా రానివ్వండి."

పిల్ల లేస్తుందని ఆయన పెదవుల మీద వేలు పెట్టి, గడ్డంతో వంటింటివైపు చూపించాడు. పడుకోబెట్టి వచ్చి తనే ఒక గిన్నెడు కొలిచిద్దామనుకున్నాడు. వచ్చేసరికి సుగుణ లేదు, కారు లేదు, డబ్బా లేదు. మిషన్ లేని పిల్ల పక్కన డప్పు కొట్టినా లేవదన్న సంగతి అప్పుడు తట్టింది.

సుగుణ ఫోన్ ఎత్తలేదు. ఆయన మధ్యాహ్నం దాకా చేసి చేసి, చివరికి నిఖిలకి చెవులు మూసుకుపోయేలా ఉన్ని టోపీ పెట్టి డార్ట్‌మౌత్ వెళ్ళే ఫెర్రీ పడవ ఎక్కాడు. పొగమంచులో హారన్ మోగితే ఆయన ఉలిక్కిపడ్డాడు. పిల్ల మాత్రం నీళ్ళవైపు చూస్తూ కూర్చుంది. సరిగ్గా అప్పుడే నీరజ ఫోన్ చేసింది.

"నాన్నా, థెరపీ వాళ్ళు కాల్ చేశారు. పాపకి జలుబా? ఫీవర్ చెక్ చేశావా?"

"జలుబేం లేదమ్మా. సుగుణగారింట్లో సీమంతం. వెళ్దామనిపించి అలా చెప్పా."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "అమ్మ పోయాక నువ్వు ఒక్క ఫంక్షన్‌కీ వెళ్ళలేదు నాన్నా. థెరపీ ఒక్క రోజు పోతే పోయింది. నేనూ పర్మిషన్ అడిగి వస్తా. ఆ హారన్ ఏంటి?"

"వాళ్ళ కుక్కరమ్మా."

సుగుణ ఇంట్లో సోఫాలన్నీ గోడలకి జరిపారు. మధ్యలో కుర్చీలో తేజశ్రీ, జడ నిండా బిళ్ళలు, చేతుల నిండా గాజులు. పక్కన పెద్ద పళ్ళెంలో అక్షింతలు పచ్చగా మెరుస్తున్నాయి. కోదండరామ్ తిన్నగా వెళ్ళి పళ్ళెంలో చెయ్యి పెట్టాడు.

"సుగుణగారూ, ఆ డబ్బాలో..."

"డబ్బా రేపు కడిగి పంపిస్తా అన్నయ్యగారూ. మీరు రావడమే మాకు పండగ. ముందు మీరే ఆశీర్వదించాలి."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. గుమ్మంలో నీరజ, హాస్పిటల్ బట్టల్లోనే, ఆయన్ని చూసి కళ్ళు తుడుచుకుంటోంది. పిల్లని ఒళ్ళోకి తీసుకుని టోపీ మీద చెయ్యి వేసింది.

"తీయకమ్మా, జలుబు చేస్తుంది."

"లేదన్నావుగా."

"లేదు. రాకుండా."

ఇక చేసేదేముంది. మాట్లాడుతున్నంతసేపూ బియ్యం కలియబెట్టొచ్చని ఆశీర్వచనం మొదలుపెట్టాడు. "దీర్ఘసుమంగళీభవ" తర్వాత ఆయనకి మంత్రాలు రావు. వేళ్ళు పళ్ళెం అడుగున తడుముతుంటే నోరు దానంతటది నడిచింది. శాంత సీమంతానికి కరెంటు పోయిందని చెప్పాడు. తాటాకు విసనకర్ర గురించి చెప్పాడు. గాజుల చప్పుడు కడుపులో బిడ్డ వింటుందని అంటారు కదా అన్నాడు. "మా నీరజ కూడా కానుపయ్యేదాకా గాజులు తియ్యలేదు. రోజూ పొట్ట దగ్గర గలగలలాడించేది. పాపం, పిల్లకి..." అని ఆగిపోయాడు. అనాలనుకోలేదు. బియ్యంలో బియ్యం తప్ప ఏమీ లేదు.

నీరజ తల దించుకుంది. ఆ సందులో నిఖిల ఒళ్ళోంచి జారి, తేజశ్రీ కుర్చీ వెనక్కి వెళ్ళి, జడలోంచి ఒక బిళ్ళ పీకింది.

"అయ్యో, జడ పాడుచేస్తుంది, పట్టుకోండి," అంది సుగుణ. "అది బియ్యంలో పడిపోతే ఇందాకే నేను పెట్టా. పిన్నులకి భలే అతుక్కుంది. మిగతావి జారిపోతున్నాయి గానీ అది కదల్లేదు."

నిఖిల టోపీ లాగి పారేసింది. పసుపంటిన మిషన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తనంతట తనే చెవి వెనక పెట్టుకుంది. ఇన్నాళ్ళలో ఎన్నడూ చేయని పని. పచ్చదీపం వెలిగింది.

నీరజ తండ్రివైపు చూసింది. "నాన్నా. అది జడలో ఎందుకుంది?"

ఆయన వరసగా చెప్పేశాడు. పాలు, బియ్యం, జలుబు.

"కుక్కర్?"

"ఫెర్రీ అమ్మా."

ఆమె నవ్వలేదు. "పొద్దున్నుంచి అది ఏమీ వినకుండా తిరుగుతోందన్నమాట. నాకొక్క ఫోన్ చేస్తే ఏం పోయేది?"

ఆయన చేతికంటిన పసుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. సుగుణే అందుకుంది. "ఆశీర్వచనం మధ్యలో ఆగకూడదు అన్నయ్యగారూ. పూర్తి చేసేయండి."

ఆయన గొంతు సవరించుకుని, అలవాటు కొద్దీ మనవరాలివైపు తిరిగి, "తాత అక్షింతలు తీసుకుంటున్నాడు," అని మొదలుపెట్టాడు.

నిఖిల ఆయన కళ్ళల్లోకి చూసింది. పసుపు చెయ్యి ఎత్తి అడ్డంగా పెట్టింది.

"వద్దు," అంది.

స్పష్టంగా అంది. ఎవరితో అంటోందో, ఏమంటోందో తెలిసే అంది. నీరజ రెండు చేతులతో నోరు మూసుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. చెయ్యి చాచి తండ్రి పంచె అంచు పట్టుకుంది. కోదండరామ్ కళ్ళు తడయ్యాయి. దగ్గర్లో ఎక్కడా ఉల్లిపాయ లేదు. ఇంకోసారి వినాలని "తాత..." అన్నాడు. "వద్దు," అంది నిఖిల, ఇంకాస్త గట్టిగా.

ఆశీర్వచనం పూర్తి చేయమని ఆ తర్వాత ఆయన్ని ఎవరూ అడగలేదు.