పటం ఒరిగే ఉండాలి

ఫ్యాన్ ఆపాలా వద్దా అన్న తగవు పొద్దుటి కాఫీలు అయిపోయినా తెగలేదు. గాలికి కెమెరా అదురుతోందని కోడలు, ఉక్కకి ప్రాణం పోతోందని అత్తగారు. మామగారు పేపరుతో విసురుకుంటూ ఏ పక్షంలోనూ చేరలేదు. చివరికి ఫ్యాన్ ఆగింది.

కెమెరాల్లో వెలుతురు పట్టే సెన్సర్లు తయారుచేసే కంపెనీలో కోడలి ఉద్యోగం. సెన్సరు నిండా పిక్సెళ్ళనే బుల్లి గదులుంటాయి. ఒక గదిలో పడ్డ వెలుతురు, పక్కింటి టీవీ మోతలాగా, పక్క గదిలోకి జొరబడితే ఫొటో మసకబారుతుంది. గదుల మధ్య సన్నని గోడలు కడితే ఫొటో ఎంత పదునెక్కుతుందో ఆమె కంప్యూటర్లో నమూనా కట్టి లెక్క తేల్చింది. గోడలు లేని ఇప్పటి కెమెరాకి ఆ నమూనా వేసే లెక్కా, అసలు ఫొటో కొలతా ఒకటేనని ఇవాళ మేనేజరుకి వీడియోలో చూపించాలి. కలవకపోతే గోడలు కట్టేది లేదు, రెండేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరు.

ఆఫీసు ల్యాబు కప్పు కారుతోందని కెమెరాని ఇంటికి తెచ్చి హాల్లో ఓ మూల పెట్టింది. ఎదుటి గోడకి సగం నలుపు, సగం తెలుపు ఉన్న పటాన్ని ఒకే మేకుకి, కావాలనే కాస్త ఒరగేసి తగిలించింది. నలుపు తెలుపుల అంచు పిక్సెళ్ళ మీదుగా ఏటవాలుగా పోతేనే కొలత నిలకడగా వస్తుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అత్తగారికి లోకంలో పడనిది వంకర ఒక్కటే. గుమ్మంలో చెప్పులైనా, తీగ మీద తువ్వాళ్ళైనా, మామగారి కళ్ళజోడైనా, దాటిపోతూ సరిచేసే పోతారు. ఫ్యాన్ ఆగాక విసనకర్ర కోసం వెళ్తూ పటాన్ని తలుపు చట్రానికి సమంగా సర్దారు. కోడలి కళ్ళు లాప్‌టాప్ అంకెల మీదే ఉన్నాయి.

అంకెలు గంతులేశాయి. ఇది ఫ్రిజ్ అదురే అనుకుని కోడలు ఫ్రిజ్ ఆపించింది. పాలు విరిగిపోతాయని అత్తగారు గిన్నె తీసుకుని హాలు దాటుతూ పటాన్ని ఇంకో వెంట్రుకవాసి జరిపారు. అంకెలు ఈసారి అటు గెంతాయి. అయితే నీళ్ళ మోటారే అనుకుని అదీ ఆపించింది. ఒంటికి సబ్బు రాసుకున్న భర్త బాత్‌రూంలోంచి పిలిస్తే, రెండు నిమిషాలు ఓర్చుకోమంది. వంటకి నీళ్ళు లేవని అత్తగారు పెరట్లోంచి బకెట్ మోసుకొస్తూ, దాన్ని దించి, పటాన్ని మళ్ళీ సర్దారు. మామగారికి తుమ్ము కూడా నిషిద్ధమైంది.

ఇంతలో మేనేజరు వీడియోలోకి వచ్చి, కెమెరాకి కనిపిస్తున్నది చూపించమన్నాడు. తెర నిండా పటం. పక్కనుంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి పటాన్ని సుతారంగా జరిపింది.

"ఎవరిదండీ ఆ చెయ్యి?"

"మా అత్తయ్యదండీ," అంది కోడలు.

"పొద్దుట్నుంచీ సర్దుతూనే ఉన్నాను బాబూ," అన్నారు అత్తగారు తెరలోకి వంగి. "మా కోడలికి అన్నీ వచ్చు. మేకు కొట్టడం ఒక్కటి రాదు."

మేనేజరు సర్దిన పటం వంక పరీక్షగా చూశాడు. "అంచు తిన్నగా ఉంటే ఏమవుతుందో మీ నమూనా చెప్పగలదా?" అన్నాడు.

కోడలు లెక్క నడిపింది. అంచు సరిగ్గా రెండు గదుల మధ్య హద్దు మీద పడితే ఫొటో కత్తిలా ఉంటుందని, గది నడిమధ్య పడితే ఆ గది సగం చీకటై మసక వస్తుందని నమూనా చెప్పింది. చెరిపేద్దామనుకున్న పొద్దుటి అంకెలన్నీ ఆ రెండింటి మధ్యే వరసగా కూర్చున్నాయి. పటాన్ని మళ్ళీ ఒరగేసి ఫొటో తీస్తే అదీ కలిసింది.

"ఏటవాలు అంచు ఒక్కటే కలిసుంటే ఇంకా ఆలోచించేవాణ్ణి," అన్నాడు మేనేజరు. "గోడలు కట్టేద్దాం. ఈ నెలంతా రెండు రకాల కొలతలూ పంపండి."

కోడలు లాప్‌టాప్ మూసి, ఫ్యాన్ వేసి, ఇంటిల్లిపాదికీ వినపడేలా నిదానంగా చెప్పింది. "రేపట్నుంచి పొద్దున పూట పటం అత్తయ్యది. మధ్యాహ్నం నుంచి నాది."

ఎవరూ కాదనలేదు. అయితే ఇక మోటారు వెయ్యొచ్చా అని మాత్రం బాత్‌రూంలోంచి భర్త అడిగాడు.